మతిమరుపు వేళ్లు మెదడు అడుగున

జర్మనీలో పనిచేసే హైకో బ్రాక్, కెల్లీ డెల్ ట్రెడీచీ 2011లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఏడాది బిడ్డ మొదలు నూరేళ్ల వృద్ధుల దాకా, చనిపోయిన 2,332 మంది మెదళ్లను పలచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద చూశారు. వెతికింది టావ్ అనే ప్రొటీన్ కోసం. నాడీకణం లోపలి నాళికలను నిలబెట్టే ఈ ప్రొటీన్ చెడి ముడులు పడటం అల్జీమర్స్ జబ్బు ప్రధాన గుర్తుల్లో ఒకటి. ఈ చెడుగు జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోక్యాంపస్ పరిసరాల్లో మొదలవుతుందని 1991లో భార్యతో కలిసి చెప్పింది కూడా బ్రాకే. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ఆ మొదలును ఇంకా కిందికి జరిపారు. మెదడు వెన్నుపాముతో కలిసేచోట ఉండే కాండంలో టావ్ ముందుగా మారుతోందనీ, ముప్పై ఏళ్లు నిండని కొందరిలోనూ ఆ జాడ కనబడిందనీ రాశారు.

కంగారు పడనక్కర్లేదు. జాడ కనబడినవాళ్లందరికీ జబ్బు వస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. చాలామంది ఆ మచ్చలతోనే నిండు నూరేళ్లూ తెలివిగా బతికి వెళ్లిపోతారు. కానీ వృద్ధుల మతిమరుపును ఎక్కడ, ఎప్పుడు వెతకాలన్న ప్రశ్న అప్పటినుంచి మారిపోయింది. మన ఆస్పత్రులూ ఆరోగ్య పథకాలూ మాత్రం ఇంకా పాతచోటే వెతుకుతున్నాయి.

మెదడు కాండం బొటనవేలంత ఉంటుంది. మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖం అని మూడు భాగాలు. ఊపిరి, గుండె లయ, మింగడం, వాంతి, కంటిపాప కదలిక ఇవన్నీ దాని పనులని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. మెదడు నుంచి నేరుగా వెలువడే 12 జతల నాడుల్లో 10 జతలకు మూలం ఇక్కడే. ఇంత చాకిరీ చేసే భాగానికి తెలివితేటలతో సంబంధం అంటగట్టడానికి శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం ఇష్టపడలేదు. 1949లో జుసెప్పె మొరుజ్జి, హోరేస్ మగూన్ అనే ఇద్దరు పిల్లుల మెదడు కాండాన్ని సన్నటి విద్యుత్తుతో తట్టి చూశారు. నిద్రావస్థలో ఉన్న పెద్ద మెదడు తరంగాలు ఒక్కసారిగా మెలకువ తరంగాలుగా మారాయి. పైన ఆలోచన నడవాలంటే కింద మెలకువ ఉండాలని అప్పుడు స్పష్టమైంది.

ఆ మెలకువకు కీలకమైన కణాల గుంపు ఒకటి పాన్స్‌లో ఉంది. వైద్యులు దాన్ని లోకస్ సెరూలియస్ అంటారు. కోసి చూస్తే నీలంగా కనబడుతుంది కాబట్టి ఇక్కడ నీలిచుక్క అనుకుందాం. కుడి ఎడమల చెరొకటి, ఒక్కోటి సెంటీమీటరున్నర పొడవు. రెంటిలో కలిపి ఉన్న నాడీకణాలు సుమారు 50 వేలు. మెదడు మొత్తంలో ఉన్నవి సుమారు 8,600 కోట్లు. ఊరి చెరువు కట్టకింద తూము చూడటానికి చిన్నదే, ఆయకట్టంతా తడిసేది దాని నీళ్లతోనే. నీలిచుక్క కణాల తీగలూ అలాగే మెదడులో దాదాపు అన్ని మూలలకూ పాకి నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని పారిస్తాయి. పెళ్లిపందిట్లో వంద గొంతుల మధ్య మన పేరు వినబడగానే తల తిప్పుతామే, అందులో దాని పాత్ర ఉంది. ఏది పట్టించుకోవాలి, ఏది గుర్తుంచుకోవాలి అన్న ఎంపికలోనూ ఉంది.

ఇంత విస్తారంగా తీగలు సాచిన కణాలకు ఖర్చు ఎక్కువ. పగలంతా విసుగులేకుండా పనిచేయాలి, రక్తనాళాలను ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒంట్లోని చెడుగు వాటికి త్వరగా తగులుతుంది. అందుకే ముందుగా దెబ్బతినేది అవేనేమో అని పరిశోధకుల అనుమానం.

దీనికి బలమైన ఆధారం షికాగోలో దొరికింది. అక్కడి రష్ విశ్వవిద్యాలయం వృద్ధులను ఏటా పరీక్షిస్తూ, చనిపోయాక మెదడు ఇస్తామని వాళ్లతో ముందే ఒప్పందం చేసుకుంటుంది. అలా వచ్చిన 165 మెదళ్లలో రాబర్ట్ విల్సన్ బృందం కాండంలోని నాలుగు కణసమూహాలను లెక్కించి 2013లో ఫలితాలు ప్రకటించింది. నీలిచుక్కలో కణాలు ఎంత దట్టంగా ఉంటే, బతికుండగా ఆ మనిషి తెలివి అంత నెమ్మదిగా తగ్గింది. మెదడులో జబ్బు గుర్తులు ఎన్ని ఉన్నాయన్న లెక్క తీసేసి చూసినా ఆ తేడా నిలిచింది. ఆ తర్వాత ఆరేళ్లకు బెర్లిన్‌లో మార్టిన్ డాల్ బృందం బతికున్నవాళ్లకే ప్రత్యేక ఎమ్మారై తీసి, నీలిచుక్క చెక్కుచెదరని పెద్దవాళ్లు కొత్త విషయాలను బాగా గుర్తుపెట్టుకుంటున్నారని చూపింది. మామూలు ఎమ్మారైలో ఇది కనబడదు. రిపోర్టులో మెదడు కాండం బాగుందని రాసి ఉన్నంత మాత్రాన నీలిచుక్క బాగుందని కాదు.

కణాలను లెక్కపెట్టడం సంగతి అలా ఉంచి, కాండం చెడుతున్నప్పుడు బయటికి కనబడే గుర్తులున్నాయి. వాటిలో అన్నిటికన్నా స్పష్టమైనది రాత్రిపూట మంచం మీద బయటపడుతుంది.

కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశలో కాండం ఒంటి కండరాలను కట్టేస్తుంది. కలలో కుక్క తరిమినా కాళ్లు కదలవు. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే 1960ల్లో పిల్లుల పాన్స్‌లో చిన్న భాగాన్ని దెబ్బతీస్తే ఆ కట్టు తెగింది. నిద్రపోతూనే అవి లేని ఎలుకల మీదికి దూకాయి. మనుషుల్లో ఇది ఒక జబ్బుగా ఉందని 1986లో అమెరికాలోని మినెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ గుర్తించారు. రోగి కలలో దొంగతో కలబడుతుంటాడు, దెబ్బలు పక్కనున్న భార్యకు తగులుతుంటాయి. లేపితే తేరుకుని, కల చెబుతాడు. పగలు శాంతమూర్తి.

దీన్ని మన ఇళ్లలో ఏమంటారో అందరికీ తెలుసు. పీడకలలంటారు, గాలి సోకిందంటారు, వయసుతో వచ్చిన చాదస్తమంటారు. తాయెత్తు కడతారు, లేదా మంచాలు విడదీస్తారు. 2019లో రొనాల్డ్ పోస్టుమా ఆధ్వర్యంలో 24 వైద్య కేంద్రాలు కలిసి ఇలాంటి 1,280 మందిని ఏళ్ల తరబడి గమనించాయి. ఏటా 6 శాతానికి పైగా రోగులు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకో, లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకో, ఆ కోవలోని మరో జబ్బుకో చేరుకున్నారు. పన్నెండేళ్లకు ఆ అంచనా 73.5 శాతానికి చేరింది. కొందరిలో వణుకు ముందు వచ్చింది, కొందరిలో మతిమరుపు ముందు వచ్చింది. నాడీవైద్యంలో ఇంత ముందుగా, ఇంత గట్టిగా హెచ్చరించే లక్షణం ఇంకోటి చెప్పడం కష్టం. అది కూడా డాక్టరు కన్నా ముందు ఇల్లాలికి తెలిసే లక్షణం.

హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ సంగతి చూడండి. 2014 ఆగస్టులో ఆయన ఆత్మహత్య చేసుకున్నప్పుడు ప్రపంచం దిగులు జబ్బు అనుకుంది. అంతకు మూణ్నెల్ల ముందే పార్కిన్సన్స్ అని తేల్చారు. శవపరీక్షలో బయటపడింది లూయీ బాడీ జబ్బు, మెదడంతా కాండంతో సహా పాకి ఉంది. ఆయన భార్య సూజన్ ష్నైడర్ విలియమ్స్ 2016లో ఒక నాడీవైద్య పత్రికలో ఆ చివరి నెలలను పూసగుచ్చినట్టు రాశారు. మలబద్ధకం, మూత్రం ఇబ్బంది, గుండెల్లో మంట, నిద్రలేమి, వాసన తెలియకపోవడం, ఎడమచేతి సన్నటి వణుకు, ఆ తర్వాత అంతులేని భయం. వందల డైలాగులు అలవోకగా చెప్పిన నటుడికి వ్యాంకూవర్ షూటింగ్‌లో ఒక్క లైను గుర్తుండలేదు. ఒక్కో లక్షణం ఒక్కోసారి వచ్చిపోతుండేది, ఏ ఒక్కటీ పెద్దగా అనిపించేది కాదు. అన్నీ ఒకే జబ్బు అని ఆమెకు తెలిసింది భర్త పోయిన తర్వాత.

ఆ మలబద్ధకానికీ కాండంతో సంబంధం ఉంది. మజ్జాముఖంలో ఉండే వేగస్ నాడి మూలం పేగుల కదలికను నడిపిస్తుంది. పార్కిన్సన్స్ చెడుగు చాలామందిలో ముందు చేరేది అక్కడికీ, వాసన నాడి మొదలుకూ అని 2003లో చెప్పింది కూడా బ్రాక్ బృందమే. అలాగని మలబద్ధకం ఉన్నవాళ్లంతా భయపడటం మొదలుపెడితే తెలుగు ఇళ్లలో ఎవరూ మిగలరు. ఒంటరిగా వచ్చిన లక్షణానికి విలువ తక్కువ. నిద్రలో తన్నులాట, వాసన పోవడం, నిలబడగానే కళ్లు తిరగడం, కొత్తగా వచ్చిన దిగులు, ఇవి రెండు మూడు కలిసి కనబడినప్పుడు లెక్క మారుతుంది. మన దగ్గర పేగులకు ఒక డాక్టరు, మూత్రానికి ఒకరు, నిద్రకు మందుల షాపు. నాలుగు చీటీలనూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు లేరు.

మందు లేని జబ్బు ముందే తెలిసి ఏం లాభం అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. జబ్బును ఆపే మందు నేటికీ లేదు. అయినా లాభాలు గట్టివే. కొన్ని డిప్రెషన్ మందులు కూడా ఇలాంటి తన్నులాటకు కారణమవుతాయి, మందు మారిస్తే సరిపోవచ్చు. గురకజబ్బు ఇలా వేషం వేసుకుని రావచ్చు, దానికి చికిత్స ఉంది. నిజంగా అదే జబ్బయితే మెలటోనిన్, క్లొనజెపామ్ లాంటివి డాక్టరు చూసి ఇస్తే రాత్రులు కాస్త కుదుటపడతాయి. మంచం పక్కనున్న గాజు బల్ల తీసేయొచ్చు.

అన్నిటికీ మించిన లాభం వేరే ఉంది. లూయీ బాడీ డిమెన్షియా రోగి ఒకరోజు లేని మనుషులు కనబడుతున్నారని అరిచి గొడవ చేస్తాడు. చాలాచోట్ల ఎమర్జెన్సీలో చేయి వెళ్లేది మనోవ్యాధులకు వాడే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ మీదికి. ఈ రోగుల్లో ఆ కోవ మందులు ఒళ్లు బిగుసుకుపోయేలా చేయొచ్చు, స్పృహ తప్పించొచ్చు, ప్రాణం మీదికి తేవొచ్చు. నిద్రలో తన్నులాట ఎన్నేళ్లుగా ఉందో చీటీ మీద ముందే రాసి ఉంటే డాక్టరు ఆగి ఆలోచిస్తాడు. ఆ ఒక్క వాక్యం ఖరీదు ఏమీ లేదు.

పగటి కునుకు సంగతి కూడా ఇలాంటిదే. పెద్దాయన పొద్దస్తమానం జోగుతున్నాడని ఇంట్లో విసుక్కుంటారు. కాలిఫోర్నియాలో లియా గ్రిన్‌బర్గ్ బృందం 2019లో 13 మంది అల్జీమర్స్ రోగుల మెదళ్లను 7 మంది ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చింది. నీలిచుక్కతో పాటు మెలకువను నిలిపే మరో రెండు కేంద్రాల్లో కణాలు భారీగా నశించి ఉన్నాయి. చిన్న పరిశోధనే. అయినా జోగడం బద్ధకం వల్లనో, రాత్రి నిద్ర చాలకనో మాత్రమే కాకపోవచ్చని, మెలకువ యంత్రాంగమే అరిగిపోయి ఉండవచ్చని అది చెబుతోంది. ఆ మనిషిని కసరుకుని ప్రయోజనం లేదు.

నిద్రమాత్రల మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో చీటీ లేకుండా అల్ప్రాజోలం దొరకడం అందరికీ తెలిసిన రహస్యం. గాఢనిద్రలో నీలిచుక్క నుంచి నార్‌అడ్రినలిన్ అలలు అలలుగా వస్తుందనీ, ఆ అలలకు రక్తనాళాలు ముడుచుకుని విప్పారుతూ మెదడు ద్రవాన్ని కదిలిస్తాయనీ, అలా వ్యర్థాలు కొట్టుకుపోతాయనీ మైకెన్ నెడర్‌గార్డ్ బృందం 2025 జనవరిలో ప్రకటించింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఇస్తే అలలు బలహీనపడ్డాయి. అది ఎలుకల్లో జరిగిన పని. నిద్రలో శుభ్రత పెరగడం కాదు, తగ్గుతుందని లండన్ శాస్త్రవేత్తలు 2024లోనే వాదించారు కూడా. వివాదం తేలేదాకా మనుషుల గురించి పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ ఈ మాత్రలు వృద్ధులను తూలి పడేలా చేస్తాయనీ, తికమక పెడతాయనీ ఎలుకలతో పని లేకుండానే వైద్యులకు తెలుసు. ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కాండాన్ని కాపాడుకోవడానికి చేతిలో ఉన్న గట్టి సాధనం రక్తపోటు మాత్ర. పాన్స్‌కు రక్తం వెంట్రుకల్లాంటి సన్న నాళాల్లో అందుతుంది. బీపీ హద్దు దాటితే ముందు నలిగేవాటిలో అవి ఉంటాయి. అమెరికాలో 9,361 మందితో జరిగిన ట్రయల్‌లో పై బీపీని 140 బదులు 120 లోపు ఉంచేలా చూస్తే, డిమెన్షియాకు ముందుదశ అనదగ్గ మతి మందగింపు 19 శాతం తగ్గిందని 2019లో తేలింది. ఈ మాట విని ఎవరూ సొంతంగా మాత్ర పెంచుకోకూడదు. నిలబడితే కళ్లు తిరిగే వృద్ధులకు 120 లక్ష్యం ప్రమాదం.

హైదరాబాద్ పేరు చెప్పుకోదగ్గ పరిశోధన ఒకటుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో చూపింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలగలిపి బతికే నగరం ఇలాంటి లెక్క తీయడానికి అనువైన చోటు. అదే ఏడాది డబ్లిన్‌లో ఇయన్ రాబర్ట్‌సన్ ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు. చదువు, కొత్తదనం, నలుగురితో మాట, బుర్రకు పని ఇవన్నీ నీలిచుక్కను పదేపదే తట్టి నార్‌అడ్రినలిన్ ద్వారా మెదడుకు నిల్వబలం ఇస్తాయన్నది దాని సారం. ఈ రెంటినీ ఒకే దారంతో కట్టిన రుజువు ఇంకా లేదు. ఊహగా మాత్రం ఆకర్షణీయంగా ఉంది.

నార్‌అడ్రినలిన్ పెంచే మందు వేస్తే పోదా? పిల్లల్లో ఏకాగ్రత లోపానికి వాడే అటోమాక్సెటిన్‌ను అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో 39 మందికి ఇచ్చి చూశారు. వెన్ను ద్రవంలో టావ్ కాస్త తగ్గింది, తెలివిలో తేడా రాలేదు. నెమ్మదిగా ఊపిరి తీసే సాధన నాలుగు వారాలు చేస్తే అల్జీమర్స్‌కు మరో గుర్తైన అమిలాయిడ్ ప్రొటీన్ రక్తంలో తగ్గిందని మారా మాథర్ బృందం 2023లో చెప్పింది. దాన్ని పట్టుకుని ప్రాణాయామం అల్జీమర్స్‌ను నయం చేస్తుందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు, ఆ పరిశోధనలో అల్జీమర్స్ రోగులెవరూ లేరన్న సంగతి అక్కర్లేదు.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని, తెలుగు మాట్లాడేవాళ్లు పెద్దసంఖ్యలో ఉండే కోలార్ జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో బెంగళూరు ఐఐఎస్సీ మెదడు పరిశోధన కేంద్రం నలభై అయిదు దాటిన పల్లెవాసులను ఏళ్ల తరబడి గమనించే పని చేపట్టింది. లక్ష్యం 10 వేల మంది. అలాంటి పని రాయలసీమలోనో పాలమూరులోనో ఎందుకు జరగకూడదు? షికాగోలో 165 కుటుంబాలు మెదడు ఇచ్చాయి కాబట్టే నీలిచుక్క కథ తెలిసింది. నేత్రదానానికి ముందుకొచ్చే తెలుగువాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు బ్యాంకు ఉందన్న కబురు చెప్పేవాళ్లే లేరు.

ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త చేతిలో ముప్పై దాటినవారి కోసం ఒక ప్రశ్నల పత్రం ఉంటుంది. అరవై దాటినవారిని అడగాల్సిన వాటిలో ఒకటి, దగ్గరివాళ్ల పేర్లు గానీ సొంతింటి చిరునామా గానీ మరచిపోతున్నారా అని. చిరునామా మరచిపోయేనాటికి జబ్బు ముదిరి ఉంటుంది. నిద్రలో తన్నులాట గురించి ఆ పత్రం అడగదు. అడగడం తేలికే. నిద్రలో కలలో జరిగేదాన్ని గుద్దుతూ, చేతులు విసురుతూ, పరుగెత్తుతున్నట్టు కాళ్లాడిస్తూ చేస్తున్నారని ఎవరైనా మీకు చెప్పారా అన్న ఒక్క ప్రశ్నను పోస్టుమా బృందం 2012లో పరీక్షించింది. జబ్బున్న ప్రతి వందమందిలో సుమారు 94 మందిని పట్టింది, లేని వందలో సుమారు 87 మందిని వదిలేసింది.

జబ్బు లేకున్నా ఆ ప్రశ్నకు చిక్కిన మిగతా 13 మంది సంగతి మరవకూడదు. ఊళ్లో వెయ్యిమంది వృద్ధులను అడిగితే నిజమైన రోగులు పదిమంది ఉంటారనుకుందాం. ప్రశ్నకు అవునన్నవాళ్లు మాత్రం వందకు పైనే ఉంటారు. అందుకే ఆశా అడిగిన చోటే తీర్పు చెప్పకూడదు. అవునన్నవాళ్ల భార్యనో భర్తనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు విడిగా అడగాలి, ఫోన్‌లో తీసిన రాత్రి వీడియో చూడాలి, వేసుకునే మందులు సరిచూడాలి. మిగిలిన కొద్దిమందినే జిల్లా ఆస్పత్రికి, అక్కడినుంచి నిద్ర పరీక్షకు పంపాలి. ఇందులో కొత్త యంత్రం కొనాల్సింది లేదు, కొత్త ఉద్యోగం ఇవ్వాల్సింది లేదు.

కేంద్రం పత్రం మార్చేదాకా రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆగాల్సిన పని లేదు. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితాలో ఉన్న అంశాలు.